తలుపు వేయుట యెవరి ధర్మము?

“మా యింట దొంగిలించుటకు ఏమున్నది?” అను మాట మన గ్రామములలో బీదలు పలికినప్పుడు దానియందొక నిట్టూర్పు వినబడెడిది. ఇప్పుడా మాటను చదువుకొన్నవారు, స్థితిమంతులు, ఉద్యోగులు నవ్వుచు పలుకుచున్నారు. వారి యింట కంప్యూటరు కలదు. గోడకు వైఫై రౌటరు కలదు. గుమ్మముపైని కెమెరా కలదు. టెలివిజను సయితము ఇంటర్నెట్టుతో సంబంధము కలిగియున్నది. రౌటరునకు కర్మాగారమువారు పెట్టి పంపిన రహస్యపదమే నేటికిని నిలిచియున్నది. కంప్యూటరునకు రావలసిన అప్డేటులను ‘తరువాత చూతము’ అను బొత్తామును నొక్కి యేడాదిగా వెనుకకు నెట్టుచున్నారు. ఏల యిట్లు చేయుచున్నారని యడిగినచో, “నా కంప్యూటరులో ఏమున్నదండీ? పిల్లల ఫోటోలు, రెండు సినిమాలు. పోయిన పోనిండు. నష్టము నాదే కదా!” యని సమాధానము వచ్చును.

ఈ సమాధానములోని కడపటి వాక్యమును గూర్చియే నేనిక్కడ విచారింపదలచితిని. నష్టము నిజముగా వానిదేనా? వానిదే యైనచో ఇది కేవలము వివేకమునకు సంబంధించిన మాట. గొడుగు లేక వానలో తడియువానిని మందలింపవచ్చును గాని అధర్మపరుడని యనరాదు. నష్టము వానితో నిలువక పరులదాక పోవుచున్నచో, ఇది ధర్మవిచారమగును. మన పత్రికలలో ఈ యంత్రములను గూర్చి వచ్చు వ్రాతలు చాలవరకు మొదటి మార్గముననే నడచుచున్నవి. నీ డబ్బు పోవును, నీ ఫోటోలు పోవును, జాగ్రత్త యని బెదరించుచున్నవి. బెదరింపుచేత నేర్చిన పాఠము బెదురు తీరగానే మరపునకు వచ్చును. ఆరు నెలలు ఏ దొంగయు రాకున్నచో గృహస్థుడు ధైర్యము తెచ్చుకొని మరల తలుపు తీసియే పరుండును.

2016వ సంవత్సరమున జరిగిన యొక సంగతిని కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఆ యేట ‘మిరాయ్’ అను పేరుగల దుష్టప్రోగ్రామొకటి ఇంటర్నెట్టుమీద సంచరింప నారంభించెను. అది బ్యాంకుల ఖజానాలకొరకు తిరుగలేదు. ఇండ్లలోను దుకాణములలోను ఉన్న కెమెరాలను, ఆ దృశ్యములను భద్రపరచు డి.వి.ఆర్. పెట్టెలను, రౌటర్లను వెదకికొనుచు తిరిగెను. తాళమును బ్రద్దలుకొట్టు నేర్పు దానికి లేదు. దానియొద్ద నున్నదెల్ల అరువదికి పైగా పేరు–రహస్యపదముల జంటలు గల యొక జాబితా మాత్రమే. ‘అడ్మిన్’ అను పేరునకు ‘అడ్మిన్’ అనునదే రహస్యపదము. ‘రూట్’ అను పేరునకు ‘12345’. కర్మాగారములలో వేనవేల యంత్రములకు ఒక్క తీరుగ పెట్టి పంపిన తాళపుచెవులివి. ప్రతి గుమ్మమునొద్దను నిలిచి ఈ చెవులను ఒకదాని తరువాత నొకటి త్రిప్పి చూచుటయే దాని పని. తెరచుకొన్న చోట ప్రవేశించి, ఆ యంత్రమును తన బంటుగా చేసికొని, మరియొక గుమ్మమును వెదకుటకు దానినే పంపెడిది. ఒకానొక సమయమున సుమారు 6 లక్షల యంత్రములు దాని వశమై యుండెనని తరువాత పరిశోధకులు లెక్కగట్టిరి.

ఇంటివానికేమి తెలిసెను? ఏమియు తెలియలేదు. కెమెరా యెప్పటివలెనే గుమ్మమును చూపుచుండెను. రౌటరు దీపములు ఎప్పటివలెనే మినుకుమినుకుమనుచుండెను. ఆ యేడు అక్టోబరు 21వ తేదీన అమెరికాలో ‘డైన్’ అను సంస్థమీద ఇట్టి బంటులు ఒక్కుమ్మడిగా పడినవి. ట్విట్టరనియో నెట్‌ఫ్లిక్సనియో మనము పేరు చెప్పినప్పుడు, ఆ పేరుగల సర్వరు ఏ చిరునామాలో నున్నదో మన కంప్యూటరునకు తెలియజెప్పుట అప్పుడు ఆ సంస్థ చేసెడి పని. దొంగప్రశ్నల వరదలో అది యూపిరాడక పోగా, ఆ రెండును, రెడ్డిట్, స్పాటిఫై మొదలైనవియు ఆ దేశపు తూర్పుతీరమున చాలమందికి గంటలకొలది అందకుండెను. ఆ మూలప్రోగ్రామును కల్పించినవారు ముగ్గురు అమెరికా యువకులు. రాజ్యములను కూల్చు సంకల్పము వారికి లేదు. మైన్‌క్రాఫ్ట్ అను ఆటను నడపు సర్వర్ల వ్యాపారములో పోటీవారిని పడగొట్టవలెనను అల్పాశయే దానికి మూలము. దానిని వారు బహిరంగముగా విడిచిపెట్టగా ఇతరులందుకొనిరి. ఆ ముగ్గురును నేరమొప్పుకొన్నట్లు 2017 డిసెంబరులో వెల్లడియయ్యెను.

నేరము నేరము చేసినవానిదే. అందు సందేహము లేదు. కాని వారికి ఆయుధములెక్కడివి? తలుపు వేయని లక్షలయిండ్లే వారి ఆయుధశాల. ఆ యిండ్లవారిలో ఒక్కొక్కని వంతు ఆరు లక్షలలో నొకటి. అంత సూక్ష్మమైన వంతునకు ధర్మశాస్త్రమున లెక్క యుండునా యని యడుగవచ్చును. రాజు కొలనును పాలతో నింపుటకై రాత్రివేళ ఇంటికొక్క బిందెడు పాలు పోయుడని చాటింపు వేయించిన కథ మనకందరకు తెలిసినదే. నేనొక్కడను నీళ్లు పోసినచో ఎవరికి తెలియునని ప్రతివాడును అనుకొనెను. తెల్లవారునప్పటికి కొలనునిండ నీళ్లే. ఆ నీటిలో ఫలానా బిందె యెవరిదని చూపగలవారు లేరు. అంతమాత్రముచేత ఎవరును పోయలేదని యనగలమా?

“నష్టము నాదే” యనువానికి ఇంగ్లీషు చదివినవారు ఒక పెద్ద తోడును తెచ్చెదరు. 1859లో ప్రకటింపబడిన ‘ఆన్ లిబర్టీ’ యను గ్రంథమున జాన్ స్టూవర్టు మిల్లు, మనుష్యుని చేష్టలలో తనకు మాత్రమే సంబంధించినవానియందు సంఘము చేయి పెట్టరాదని వాదించెను. ఈ సిద్ధాంతము మన సంస్కర్తలకు ఎంత బలమిచ్చినదో చదువరులెరుగుదురు. వితంతువు వివాహమాడుట ఊరివారి పని కాదని చెప్పుటకు ఇంతకంటె మంచి యాధారమేది? దానిని సడలించుటకు నేనొల్లను. కాని మిల్లు గీచిన గీత యెక్కడ పడునో నిర్ణయించునది మన యభిప్రాయము కాదు, వస్తుస్థితి. నూతిలోని నీరు క్రింద నొక్కటియే యని తెలియని దినములలో నూతిగట్టున మురికి పారబోయుట ఇంటివాని స్వంతవిషయముగ నుండెను. 1854లో లండనులో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో యను వైద్యుడు, రోగులు చాలవరకొక్క పంపు నీరు త్రాగినవారే యని చూపి, ఆ పంపు పిడిని తీయించెను. అప్పటినుండి క్రమముగా స్వంతవిషయమను దాని హద్దు మారినది. నీ రౌటరు నీ గోడకే తగిలించియున్నను, అది యున్నది వీధిలో. దానిని వీధిలో పెట్టవలెనని కోరినవాడవు నీవే. ఇంటర్నెట్టు కనెక్షను పుచ్చుకొనుటకు అర్థమదియే.

మన కేంద్రప్రభుత్వమువారు 2017 ఫిబ్రవరిలో ఇట్లు బంటులైన యంత్రములను కనిపెట్టి శుభ్రపరచుటకై యొక కేంద్రమును స్థాపించి, దానికి ‘సైబర్ స్వచ్ఛతాకేంద్ర’ అని పేరు పెట్టిరి. ఆ పేరు పెట్టినవారెవరో గాని, విషయము నెరిగి పెట్టిరి. ఇది కోటల భాష కాదు; పారిశుద్ధ్యపు భాష.

ఈ సందర్భమున మన దేశపు సంగతి యొకటి. 2008 జులై 26వ తేదీన అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొలది నిమిషములకు ముందు, ఆ పని తమదే యని చెప్పుచు ఉగ్రవాదులు పత్రికా కార్యాలయములకు ఈమెయిలు పంపిరి. పోలీసులు దాని జాడను పట్టుకొని పోగా, అది నవీ ముంబైలో కాపురమున్న యొక అమెరికా దేశీయుని యింటి వైఫైనుండి వచ్చినట్లు తేలెను. ఆయనకును ఆ దుర్మార్గమునకును ఏ సంబంధమును లేదు. రక్షణ లేని ఆయన వైఫైని ఎవరో బయటనుండి వాడుకొనిరి. ఆయన యింట దొంగిలించుటకు ఏమున్నదో మనకు తెలియదు, వచ్చినవారికదియు అక్కరలేదు. వారికి కావలసినది ఆయన చిరునామా.

ఇక్కడ మన సంప్రదాయమునకు సంబంధించిన చిక్కొకటి యెదురగుచున్నది. పొరుగింటి పిల్లవాడు పరీక్షఫలితము చూచుకొనుటకు వచ్చి, “మీ వైఫై పాస్‌వర్డు చెప్పరా, అత్తయ్యా?” యని యడుగును. వేసవిలో చలివేంద్రము పెట్టి దారిన పోవువారికి మజ్జిగ పోయు జాతివారము. గాలిలో తేలిపోవు దానికి లేదనుటకు నోరు రాదు. లేదనవలెనని నేనును చెప్పను. నేటి రౌటర్లు చాలవాటియందు అతిథులకు వేరుగ ‘గెస్టు నెట్‌వర్కు’ పెట్టుకొను వీలు కలదు. దానిలో చేరినవారికి ఇంటర్నెట్టు లభించును గాని, ఇంటిలోపలి కంప్యూటర్లు, కెమెరాలు సామాన్యముగా అందుబాటులో నుండవు. వీధియరుగు మీద కూర్చుండబెట్టి మజ్జిగ నిచ్చుట యిది. అయినను, అరుగుమీదనుండి చేసిన పనికిని చిరునామా మన యింటిదే యగును గనుక, ముఖమెరిగినవారికే యీయవలెను. అప్పుడప్పుడు దాని రహస్యపదమును మార్చవలెను.

ఇంతవరకు గృహస్థునిమీదనే నేరమంతయు మోపుచున్నట్లు తోచవచ్చును. ఆ పని మిక్కిలి సులభము, అందుచేతనే అన్యాయము. మనుస్మృతిలో వ్యవహారపదములు పదునెనిమిది చెప్పబడినవి. అందు స్వామిపాలవివాదమొకటి, అనగా పశువుల యజమానికిని కాపరికిని నడుమ వచ్చు తగవు. (మనువును అన్నిటికిని ప్రమాణముగ గొనువాడను గాను, స్త్రీలను గూర్చియు వర్ణములను గూర్చియు ఆ గ్రంథము చెప్పిన మాటలు కాలగర్భమున కలియుటయే మేలు. కాని పశువులను గూర్చి చెప్పినవానియందు తెలివి కలదు.) పగటిపూట పశువు కాపరి యధీనమున నుండును గనుక బాధ్యత కాపరిది, రాత్రి యజమాని కొట్టములో కట్టియుండిన బాధ్యత యజమానిది. చేను గలవాడును ఊరకుండరాదు. కుక్కయు పందియు మూతి దూర్చు సందులను సయితము కప్పునట్లు కంచె వేసికొనవలెను. ఇందు నాకు నచ్చినదేమన, బాధ్యత యనునది ఒక్క ముద్దగా ఒకని నెత్తిన పెట్టబడలేదు. పశువెవని చేతిలో ఎప్పుడున్నదో చూచి, ఆ మేరకు పంచబడినది.

ఈ పంపకమును మన యింటి యంత్రములకు అన్వయించి చూతము. లక్ష కెమెరాలకొక్క తాళపుచెవిని పెట్టి అమ్మినవాడు ఎవడు? చేయువాడు. ఆ చెవిని మార్చు వీలు సయితము లేకుండ చేసిన యంత్రములును మిరాయ్ బారిన పడినవానిలో నున్నవి. వాని విషయమున కొన్నవానిననుటకేమున్నది? కాలిఫోర్నియా రాష్ట్రమున 2020 జనవరి 1 నుండియు, బ్రిటనులో 2024 ఏప్రిలు 29 నుండియు ఇట్టి పొత్తు తాళములతో యంత్రములనమ్మరాదను శాసనములు అమలులోనికి వచ్చినవి. కాపరిని శిక్షించు చట్టములివి, న్యాయమైనవి.

ఇక కనెక్షనిచ్చువారు. మా యింటికి ఫైబరు తీగ తెచ్చిన సంస్థ పేరు చెప్పను. వచ్చిన కుర్రవాడు మంచివాడు, చురుకైనవాడు; పది నిమిషములలో పని ముగించి, నా సెల్ఫోను నంబరునే వైఫైకి రహస్యపదముగ పెట్టెను. అదేమి నాయనా యని నేనడుగగా, “ఈ వీధి మొత్తానికి ఇట్లే పెట్టుచున్నాను సార్! ఎవ్వరును మరచిపోరు” అని సగర్వముగ బదులు చెప్పెను. మరచిపోరు, నిజమే. వీధిలో మా ఫోను నంబరులెరుగనివారు మాత్రమెవరు? రౌటరునకు రెండు తాళములుండునను సంగతియు ఆతడు మాకు చెప్పలేదు. వైఫైలో చేరుటకు ఒకటి. రౌటరు అమరికలనే మార్చుటకు వేరొకటి. మొదటిది మార్చి రెండవదానిని ‘అడ్మిన్’ గనే విడిచినవారు, వీధితలుపునకు గడియ పెట్టి దొడ్డితలుపును మరచినవారివలె నున్నారు.

చేయువాని వంతు, ఇచ్చువాని వంతు పోగా, రాత్రి కొట్టములో కట్టుకొన్నవాని వంతొకటి మిగులును. అది చిన్నదే. రెండు తాళములను మార్చుట, అప్డేటులను రానిచ్చుట, అక్కరలేని యంత్రమును ఇంటర్నెట్టునుండి విప్పుట. ఇంచుమించుగ ఒక యాదివారపు మధ్యాహ్నము పట్టును. చిన్నదగుటచేతనే దానిని విడుచుటకు సాకు లేకపోవుచున్నది. 2017 మే 12వ తేదీన ‘వానాక్రై’ అను ప్రోగ్రాము నూట యేబది దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను బిగించి, విడుదలకు వెల యడిగెను. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను; మన ఆంధ్రప్రదేశమున పోలీసుశాఖవారి కంప్యూటర్లును కొన్ని దాని వాత పడెను. అది దూరిన కంతను పూడ్చు అప్డేటును మైక్రోసాఫ్టువారు రెండు నెలలకు ముందే, మార్చి 14వ తేదీననే, విడుదల చేసియుండిరి. పడిపోయిన యంత్రములలో అత్యధికభాగము ‘విండోస్ 7’ గలవి. అనగా కాపరి అప్పటికింకను కాపు కాయుచున్నవే. మందు వాకిటికి వచ్చినది, పుచ్చుకొన్నవారు లేరు. అట్టి చోట కాపరిని నిందించుట చెల్లదు. పెద్ద కార్యాలయముల యంత్రములకు పరీక్షలు చేయక అప్డేటు వేయరాని యిబ్బందులుండును. ఇంటి కంప్యూటరునకు అదియు లేదు.

అయితే కాపరియే మందను విడిచి వెళ్లునప్పుడో? ఇదియే మన మధ్యతరగతి యిండ్లకు వచ్చిపడిన నిజమైన చిక్కు. 2015 జులైలో వెలువడిన ‘విండోస్ 10’ ఆపరేటింగు సిస్టమునకు 2025 అక్టోబరు 14వ తేదీతో ఉచితమైన రక్షణ ముగిసినది. నమోదు చేసికొన్న గృహస్థులకు 2026 అక్టోబరు 13 వరకు గడువు పొడిగింపబడినది. దాని తరువాతిదైన ‘విండోస్ 11’ వేసికొందమన్నచో, అది టి.పి.ఎం. 2.0 అను భద్రతాభాగమును, కొంత క్రొత్తవైన ప్రాసెసర్లను కోరును. ఇంటెలువారివైనచో ఇంచుమించు ఎనిమిదవ తరమునకు తక్కువైనవి పనికిరావు. కావున లోపము లేక నడచుచున్న యంత్రములెన్నియో ఒక్క దినమున అనాథలైనవి. అవి మరునాడును ఎప్పటివలెనే వెలిగినవి. అందుచేత చాలమంది యేమియు జరుగలేదనుకొనిరి.

“ధర్మము ధర్మమనుచున్నారు, నలువది యేబదివేలు పోసి క్రొత్త యంత్రమును కొనుట ధర్మమా?” యని మా పాఠశాలలోని లెక్కల మాస్టరుగారు నన్ను సూటిగా నడిగిరి. ఇద్దరాడపిల్లలను చదివించుచున్న గృహస్థుడాయన. కాదనియే నా సమాధానము. కొనుట ధర్మమని చెప్పువాడు వర్తకుడు. కాపులేని యంత్రమును సామాన్యమార్గమున విడువకుండుటయే ధర్మము. దానికి త్రోవలు వేరుగ కలవు. ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్సును ఆధారము చేసికొని వెలసిన ఉబుంటు, మింట్ మొదలగు సిస్టములకు వెల లేదు. పాతయంత్రములపై చక్కగ నడచును. వానిని పెన్‌డ్రైవులో నెక్కించి, లోపలి డిస్కును ముట్టకయే నడిపి చూచుకొనవచ్చును. నచ్చినచో, ఫోటోలను కాగితములను బయటి డిస్కులోనికి ఎత్తుకొన్న పిమ్మటనే స్థాపింపవలెను. తెలుగును చదువుటకును యూనికోడులో వ్రాయుటకును ఏ లోటును లేదు. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ యను సంస్థవారు తెలుగులోనే కనబడు లినక్సును సిద్ధపరచిరి. కేరళ ప్రభుత్వపాఠశాలలలో పిల్లలు ఏండ్ల తరబడి లినక్సుమీదనే నేర్చుకొనుచున్నారు.

ఇబ్బందులను దాచుట న్యాయము కాదు. మా యుపాధ్యాయులలో పలువురు పదిపదునైదేండ్లుగ ప్రశ్నపత్రములను అను ఫాంటులలో కూర్చి యుంచుకొనిరి. అవి యూనికోడు కావు. ఆ ఫాంటు లేనిచోట అక్షరములన్నియు పిచ్చిగీతలుగ మారును. అవి విండోస్‌కొరకు చేయబడినవి, పేజ్‌మేకరును అట్టిదే. టాలీలో దుకాణపు లెక్కలు వ్రాయువానికిని, డిజిటల్ సంతకపు టోకెనుతో కార్యాలయపు బిల్లులు పంపువానికిని లినక్సుకు మారుట యంత సుకరము కాదు. అట్టివాడేమి చేయవలెను? ఆ పాతయంత్రమును ఇంటర్నెట్టునుండి పూర్తిగ విప్పి, అను ఫాంటులకును లెక్కలకును మాత్రమే యుంచుకొన్నచో, వానివలన లోకమునకే హానియు లేదు. బావిగట్టు విడిచి తన పెరటిలో స్నానము చేయువానిని ఎవరేమందురు?

లినక్సు పుచ్చుకొన్నవారిలో కొందరికి క్రొత్తగ మతము పుచ్చుకొన్నవారి యుత్సాహము కలుగుచున్నది. ఇక మాకే పురుగును సోకదని చెప్పుకొనుచున్నారు. మిరాయ్ వశపరచుకొన్న ఆ కెమెరాలును రౌటర్లును నడచుచుండినది లినక్సుమీదనే యని వారికి జ్ఞాపకము చేయవలసియున్నది. తలుపు టేకుదైనను వేపదైనను, వేయనిచో ఒక్కటియే.

మరియొక మాట యున్నది. దానిని చెప్పుటకు నేనెక్కువ యాసక్తుడను. ఎందుచేతననగా మన వారిలో సంస్కారవాదులమని చెప్పుకొనువారి యిండ్లలోనే యిది కనబడుచున్నది. ఇంటి రహస్యపదములన్నియు ఎవరియొద్ద నున్నవి? పురుషునియొద్ద. రౌటరు పురుషునిది, ఈమెయిలు పురుషునిది, కరెంటుబిల్లు చెల్లించు ఖాతా పురుషునిది. భార్య యెం.ఏ. చదివియుండును, వైఫై ఆగిపోయినచో సాయంత్రము ఆయన వచ్చువరకు కూర్చుండును. “ఆమెకివి తెలియవండీ” యని ఆయన యనుచుండగా ఆమెయు చిరునవ్వు నవ్వుచుండును. నూరేండ్లక్రిందట ఆమెకు అక్షరములు తెలియవని చెప్పినవారును ఇట్లే ఆప్యాయముగనే చెప్పిరి. ఆయన అకస్మాత్తుగ గతించినచో బ్యాంకు, బీమా, పెన్షను కాగితములన్నియు ఒక తెరవెనుక చిక్కుకొనును. కార్యాలయమునుండి ఫోను చేయుచున్నామని చెప్పి ఎవడో నంబరడిగినచో చెప్పవచ్చునా చెప్పరాదా యని ఆమెకెవరును నేర్పియుండలేదు. నేర్పనివాడు తరువాత ఆమెను తెలివితక్కువదని నిందించుట, తలుపు గడియ యెక్కడ నున్నదో చెప్పకుండ తలుపేల వేయలేదని కొట్టినట్లుండును. ముసలివారిని గూర్చియు నిదియే మాట. గృహస్థధర్మమనగా గృహస్థుని ధర్మమేనా? గృహమున నున్న వారందరి ధర్మమైనచో, తాళపుచెవులును అందరివి కావలెను. రహస్యపదములను ఒక నోటుపుస్తకమున వ్రాసి బీరువాలో నుంచుట పాపమని కొందరు భయపడుచున్నారు. దూరదేశపు దొంగకు మీ బీరువా అందదు. అన్నిచోట్ల నొక్కటే పదమును వాడుకొనుటకంటె వేరువేరుగ పెట్టి పుస్తకమున వ్రాసికొనుట ఎన్నోరెట్లు మేలు. ఆ పుస్తకమెక్కడ నున్నదో ఇద్దరికిని తెలియవలెను.

విడిచిపెట్టిన యంత్రముల గతి యేమి? విండోస్ 10 గడువు దగ్గరపడిన దినములలో దాతలకు పాఠశాలలు హఠాత్తుగ జ్ఞాపకమునకు వచ్చినవి. మాకును ఎనిమిది పాతకంప్యూటర్లు దానముగ వచ్చినవి. శాలువాలు కప్పుట, ఫోటోలు తీయుట యన్నియు జరిగినవి. కఠోపనిషత్తు ప్రారంభమున నచికేతుడు తండ్రి దానము చేయుచున్న గోవులను చూచి కలతపడును. ఆ యావులు త్రాగవలసిన నీరు త్రాగినవి, మేయవలసిన గడ్డి మేసినవి, పాలు పిదుకబడినవి, ఇక ఈనజాలనివి. పుచ్చుకొన్న బ్రాహ్మణునకు మేపు బాధ్యత తప్ప మిగులునదేమి? కాపుపోయిన సిస్టముతో, దాత యింటి ఫోటోలతో, ఆయన బ్యాంకుకాగితములతో సహా వచ్చిన ఆ యంత్రములను చూచినప్పుడు నాకా ఘట్టమే తోచెను. మన యింట ఉంచుకొనుటకు భయపడినదానిని బీదపిల్లల గదిలో పెట్టుట దానమెట్లగును?

కాని యంత్రము ఆవు కాదు. దానికి మరల యౌవనము తెప్పించు నుపాయము కలదు. తొమ్మిదవ తరగతి పిల్లలు, వారిలో నలుగురు బాలికలు, రెండు శనివారములు కూర్చుండి ఆ డిస్కులను పూర్తిగ తుడిచి, లినక్సు మింటును స్థాపించిరి. ఆరు యంత్రములు నడచుచున్నవి. ఏడవదాని మదర్‌బోర్డు పోయినది. దానిలోని మెమొరీని ఆరవదానికి వేసిరి. ఎనిమిదవది అను ఫాంటులకై ఆఫీసుగదిలో, ఇంటర్నెట్టు తీగ లేకుండ, కిటికీప్రక్కన నున్నది. ఆ పిల్లలలో నొకతె మరుసటి సోమవారము నాయొద్దకు వచ్చి, తమ యింటి రౌటరునకు రెండవ తాళమును తానే మార్చితినని చెప్పెను. క్రొత్త పదమును తండ్రికి చెప్పితివా యని యడిగితిని. “అమ్మకు కూడ చెప్పినాను సార్” అనెను.